పదకొండుసార్లు నా వేషం

ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడటం నాకు నేర్పడానికి మా వాళ్ళు ముప్పై ఏళ్ళు నానా తంటాలూ పడ్డారు. ఇప్పుడు మూడు సెకన్లు చూడగలను. మూడు చాలట. నాలుగైతే మింగేసేలా చూస్తున్నానంటారు. ఈ లెక్క మొదటే చెప్పి ఉంటే నాకూ వాళ్ళకూ సగం బాధ తప్పేది. ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే అందరికీ అది పుట్టుకతోనే తెలుసట.

నేను పనిచేసేది ఒక ప్రాక్టీసు సెంటర్లో. నాలాగా ఆటిజం ఉన్నవాళ్ళు బయట చేయాల్సిన పనులన్నీ ముందుగా ఇక్కడ చేసి చూసుకుంటారు. తలకు టోపీ పెడతాం, దాని గాజు పలక కళ్ళ మీదికి దిగుతుంది. దిగగానే బస్సులోనో, దుకాణంలోనో, ఇంటర్వ్యూ గదిలోనో ఉంటారు. కండక్టరు చిల్లర అడుగుతాడు. పక్కింటావిడ ఎక్కడికి బయల్దేరావంటుంది. మాట తప్పుగా వస్తే ఎవరూ మొహం ముడుచుకోరు, మళ్ళీ మొదటినుంచి మొదలు. "మన దగ్గరికి వచ్చినవాళ్ళందరికీ టోపీ పెడతాం" అని యంత్రాలు చూసుకునే పెద్దాయన రోజుకోసారి అంటాడు. ఆయన్ని అందరం తీగలాయన అంటాం. ఆ జోకు అర్థమవడానికి నాకు రెండు రోజులు పట్టింది. అర్థమయ్యాక కూడా నవ్వు రాలేదు.

ఆ కండక్టరు ఉత్త బొమ్మ కాదు. వేరే గదిలో ఇంకొకరు టోపీ పెట్టుకుని కుర్చీలో కూర్చుంటారు. వాళ్ళు చెయ్యి ఎత్తితే కండక్టరు చెయ్యి ఎత్తుతాడు, వాళ్ళు మాట్లాడితే కండక్టరు గొంతుతో బయటికి వస్తుంది. ఆ కుర్చీ నాది. మూడేళ్ళ కిందట నేర్చుకోవడానికి వచ్చినదాన్ని, ఏడాది తిరిగేసరికి సెంటరు నడిపే మేడమ్ నన్ను అందులో కూర్చోబెట్టింది. అంతకుముందు నాటకాలు వేసేవాళ్ళను పెట్టుకున్నారు. వాళ్ళకు జాలి ఎక్కువ, క్లయింటు తడబడగానే మాట అందించేసేవాళ్ళు. వేషం ఎలా ఉండాలో క్లయింటు రాసిచ్చే చీటీని నేను దాటను. చీటీలో 'విసుక్కుంటాడు' అని ఉంటే విసుక్కుంటాను. అది నాకు ఒకరు నేర్పక్కర్లేదు.

మేడమ్ గోడ మీద రాయించిన నియమాలు మూడు. చీటీ దాటకూడదు. క్లయింటు నిన్ను గుర్తుపడితే కుర్చీలోంచి లేవాలి. ఆఖరిసారి క్లయింటు గెలవాలి, ఎందుకంటే ఓడిపోయి టోపీ తీసినవాళ్ళకు బయట నోరు పెగలదు. నాకు ఆ గోడంటే చాలా ఇష్టం.

మా ఇంట్లో నియమాలు గోడ మీద ఉండవు. అమ్మ మొహం మీద ఉంటాయి, రోజుకో రకంగా. ఇంట్లో మేమిద్దరమే. నోటితో స్పష్టంగా చెప్పిన నియమం ఒక్కటే ఉంది: మూసిన తలుపు తట్టాలి, లోపల్నుంచి 'రా' అనేవరకు ఆగాలి. నా తొమ్మిదో ఏట ఎవరో చుట్టాలావిడ చీర మార్చుకుంటుంటే నేను తలుపు తోసుకుని వెళ్ళాను. అమ్మ చెంప మీద ఒకటి ఇచ్చి మరీ నేర్పింది. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళలో నేను ఒక్కసారి కూడా తప్పలేదు.

ఎండాకాలంలో అమ్మ స్నానాల గదిలో జారిపడింది. చప్పుడు విన్నాను. తలుపు తట్టాను. 'రా' అనలేదు. ఆగాను, మళ్ళీ తట్టాను. అలా నలభై నిమిషాలు తలుపు ముందు నేల మీద కూర్చున్నాను. పై వాటా ఆవిడ పంపులో నీళ్ళు రావట్లేదని అడగడానికి వచ్చి, నా వాలకం చూసి, తలుపు తోసింది. లోపల గడియ కూడా లేదు. అమ్మ కళ్ళు తెరుచుకునే ఉంది, మాట మాత్రం రావట్లేదు. తలకు నాలుగు కుట్లు పడ్డాయి.

"అది తట్టడం వినిపిస్తూనే ఉందండీ" అని ఆస్పత్రిలో అమ్మ ఆవిడతో అంది. నాతో ఏమీ అనలేదు, అప్పుడూ ఆ తర్వాతా. నాకు ఒళ్ళు మండింది. తిట్టినా బాగుండేది. ఇంతకీ ఆ నియమం పెట్టిందెవరు?

కుట్లు విప్పాక అమ్మ సోమ, బుధ, శుక్రవారాలు మధ్యాహ్నం బయటికి వెళ్ళడం మొదలుపెట్టింది. కాళ్ళకు వ్యాయామం చేయిస్తున్నారంది. నమ్మాను. చెప్పింది చెప్పినట్టు నమ్మడం నా జబ్బులో భాగమని డాక్టర్లు కాగితం మీద రాసిచ్చారు కూడా.

అదే వారం మేడమ్ నెల రోజుల పనిమీద వేరే ఊరు వెళ్ళింది. నాలాగే ఇంకో కుర్చీలో కూర్చునే ఆవిడకు గొంతు పోయింది. తీగలాయన ఒక చీటీ తెచ్చి నా ముందు పెట్టాడు.

"గడియారం గారూ, ఆవిడ నంబరు ఒకటి మీ నెత్తిన పడింది. నలభై రెండు. మూడు గంటలకి."

టైము తప్పనని నాకు ఆ పేరు పెట్టారు. మా దగ్గర క్లయింట్లకు పేర్లుండవు, నంబర్లే. వాళ్ళు టోపీ పెట్టుకునేది కూడా వెనక వీధిలోని ఇంకో ఆఫీసులో. కుర్చీవాళ్ళూ క్లయింట్లూ ఎదురుపడకూడదని ఆ ఏర్పాటు. చీటీ చదివాను.

'కూతురు, ముప్పై ఒకటి. మొదటి రెండుసార్లు పిలిస్తే పలకదు. ముట్టుకుంటే వెనక్కి జరుగుతుంది. కొత్త విషయం చెబితే చెవులు మూసుకుని అరుస్తుంది. క్లయింటు కూతురికి చెప్పవలసిన మాట: వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి నువ్వు వేరే ఇంట్లో ఉంటావు. అక్కడ నీలాంటివాళ్ళు తొమ్మిదిమంది ఉన్నారు. నేను ఆదివారాలు వస్తాను.'

ఎవరి కూతురో గాని మహా మొండిఘటం అనుకున్నాను. టోపీ దించాను.

మా వంటగదిలో ఉన్నాను.

కిటికీ తెరకు ఒక రింగు ఊడి, ఆ మూల కిందికి వేలాడుతోంది. గోడకు అయిదు కొక్కేలు. మూడో కొక్కేనికి నా కప్పు, పిడి దగ్గర పెచ్చు లేచిన కప్పు. క్లయింట్లు ఫోనుతో తీసిచ్చిన ఫొటోలు చూసి ఎవరో ఎక్కడో ఈ గదులు కడతారు, అందుకని అన్నీ ఉన్నదానికంటే కొంచెం శుభ్రంగా ఉంటాయి. మా పొయ్యి వెనక జిడ్డు లేదు. కిందికి చూసుకున్నాను. నా చేతులు. ఎడమ ముంజేతికి లోపలివైపు తిప్పి పెట్టుకున్న నా గడియారం. చూపుడువేలు కదిపాను, ఆ వేలూ కదిలింది. నా చెయ్యి నా మాట వింటోందని అంత భయపడటం నా బతుకులో అదే మొదటిసారి.

పైన కుడి మూల పచ్చ చుక్క వెలిగింది. ఆట నడుస్తోందని గుర్తు అది. తలుపు తెరుచుకుంది. క్లయింట్లు మాకు బూడిదరంగు మనిషిలా కనబడతారు, మొహం ఉండదు, గొంతు కూడా యంత్రం గొంతే. బూడిదరంగు మనిషి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. రెండుసార్లు గొంతు సవరించుకుంది. గోటితో బల్ల మీద మూడుసార్లు కొట్టింది. ఆ తర్వాత మాట్లాడటానికి ముందు ఊపిరి బిగబట్టింది.

అమ్మ ఏదైనా చెప్పబోయే ముందు ఈ మూడూ ఇదే వరసలో చేస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ చూస్తున్నాను.

"అమ్మలూ" అంది యంత్రం గొంతు.

పలకలేదు. మళ్ళీ పిలిచింది. పలకలేదు. చీటీలో అలాగే ఉంది. మూడోసారి పిలిస్తే తల ఎత్తాను.

"వచ్చే నెల" అని ఆగిపోయింది. చివరికి "వచ్చే నెల తెర మార్పిద్దాం" అని లేచి వెళ్ళిపోయింది.

లేచిపోవాల్సింది కదా అని మీరనొచ్చు. గోడ మీది నియమం చదవండి. క్లయింటు నన్ను గుర్తుపడితే లేవాలి. నేను గుర్తుపడితే ఏం చేయాలో ఎవరూ రాయలేదు. అమ్మ గుర్తుపట్టలేదు. కన్నతల్లి మూడడుగుల దూరంలో కూర్చుని నా చేతులు చూసింది, నా గొంతు వింది, పక్క వీధిలో కుర్చీలో ఇంకెవరో ఆడమనిషి ఉందనుకుని లేచి వెళ్ళింది. టోపీ తీసి చూసుకుంటే దాని అంచు తడిసి ఉంది. తీగలాయన చెమటనుకుని గుడ్డతో తుడిచాడు.

బుధవారం మళ్ళీ. శుక్రవారం మళ్ళీ. నాలుగోసారి అమ్మ నా భుజం మీద చెయ్యి వెయ్యబోయింది. వెనక్కి జరిగాను. ఆ బూడిదరంగు చెయ్యి గాల్లో కాసేపు నిలబడి బల్ల మీదికి దిగింది. ఆ సాయంత్రం ఇంట్లో నేను కూరగాయలు తరుగుతుంటే అమ్మ నా వెనక్కి వచ్చింది. చెయ్యి లేచింది, మూరెడు దూరంలో ఆగింది, తీరుబడిగా వెళ్ళి ఉప్పు డబ్బా అందుకుంది. మధ్యాహ్నం నేర్చుకున్న పాఠం సాయంత్రం అప్పజెప్పింది. నేను తల ఎత్తి సీలింగు మూల చూశాను, పచ్చ చుక్క ఉందేమోనని. ఆ రోజునుంచి ఇంట్లో ఏ గదిలోకి వెళ్ళినా ముందు ఆ మూలే చూసేదాన్ని.

"ఏంటే, బల్లి ఉందా?" అంది అమ్మ.

"లేదు" అన్నాను.

అయిదోసారి మాట మొత్తం చెప్పేసింది. నేను చెవులు మూసుకుని అరిచాను. చీటీలో ఉంది కాబట్టి అరిచాను. అరవడం మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో మాత్రం చీటీలో లేదు. ఆపేసరికి గొంతు పచ్చిపుండయింది. ఎదురుగా బూడిదరంగు మనిషి కదలకుండా కూర్చుని ఉంది. అప్పటినుంచి ప్రతిసారీ ఆ అరుపు కావాలని అడిగింది అమ్మ. తట్టుకోవడం నేర్చుకోవాలట. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది.

"అరుపు భలే వస్తోందండీ మీకు, అచ్చం నిజంలాగే ఉంది" అన్నాడు తీగలాయన.

ఇంట్లో నాకు ఇంకో చిక్కు వచ్చిపడింది. అమ్మ పిలుస్తుంది, మూడో పిలుపుకు పలుకుతాను. చీటీ చదవకముందు కూడా నేను మూడో పిలుపుకే పలికేదాన్నా? గుర్తు రాలేదు. నన్ను చూసి ఆ చీటీ రాశారో, చీటీ చూసి నేను నడుస్తున్నానో తెలియలేదు. ఒకరోజు పొద్దున కావాలని మొదటి పిలుపుకే "ఊఁ" అన్నాను. అమ్మ ఉలిక్కిపడి, పిలిచిన సంగతి మరిచిపోయి, నా వంకే చూస్తూ నిలబడింది. నాకు భయమేసింది. మర్నాటినుంచి మళ్ళీ మూడో పిలుపుకే పలికాను.

పదకొండోది ఆఖరిది. చీటీలో అరుపు కొట్టేసి, కింద ఒక్క ముక్క రాసి ఉంది: 'ఈరోజు కూతురు ఒప్పుకుంటుంది.' గోడ మీది మూడో నియమం. ఒప్పుకునే మాటలు ఏమిటో రాయలేదు. అవి కుర్చీవాళ్ళ ఇష్టం.

అమ్మ వచ్చింది. ఎదురుగా కాదు, పక్కన కూర్చుంది, మూరెడు దూరంలో. నా వంక చూడలేదు. గొంతు సవరించుకుంది, గోటితో కొట్టింది, ఊపిరి బిగబట్టింది. తడబడకుండా చెప్పింది. ఒకటో తారీఖు, తొమ్మిదిమంది, ఆదివారాలు. చాలా బాగా చెప్పింది. నేనే కదా నేర్పాను.

వెళ్ళనని చెప్పాలని ఉంది. నా ఇల్లు ఇది, నా కొక్కెం అది. కానీ ఓడిపోయి టోపీ తీసినవాళ్ళకు బయట నోరు పెగలదు. నేను నియమం దాటను, దాటనని అందరికీ తెలుసు, అందుకే నాకీ ఉద్యోగం ఇచ్చారు.

"సరే అమ్మా. నా కప్పు మాత్రం నేనే సర్దుకుంటాను" అన్నాను.

నా గొంతు యంత్రంలోంచి నా గొంతులాగే బయటికి వచ్చింది, కాస్త మెత్తగా. బూడిదరంగు మనిషి తల వంచింది. రెండు చేతులూ పైకి లేచి, మొహం ఉండాల్సిన చోట ఆగాయి. బొమ్మలకు కన్నీళ్ళు పెట్టే ఏర్పాటు మా సెంటర్లో ఇంకా లేదు. పచ్చ చుక్క ఆరిపోయింది.

మూడు రోజులు ఇంట్లో అమ్మ తేలిగ్గా తిరిగింది. ఆదివారం పొద్దున్నుంచీ నేను ఒక్కటే మాట నోట్లో పెట్టుకుని తిరిగాను. వెళ్ళను. పళ్ళు తోముకుంటూ అనుకున్నాను, బట్టలు ఆరేస్తూ అనుకున్నాను. వెళ్ళను. వెళ్ళను. ఎవరి చీటీలోనూ లేని మాట, నా సొంత మాట.

నాలుగింటికి అమ్మ టీ పెట్టింది. నా పక్కన కుర్చీలో కూర్చుంది, మూరెడు దూరంలో, నా వంక చూడకుండా.

"అమ్మలూ."

ఒకటి, రెండు, మూడు. తల ఎత్తాను.

గొంతు సవరించుకుంది. కప్పు మీద గోటితో మూడుసార్లు కొట్టింది. "వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి నువ్వు వేరే ఇంట్లో ఉంటావు. అక్కడ నీలాంటివాళ్ళు తొమ్మిదిమంది ఉన్నారు. నేను ఆదివారాలు వస్తాను."

నేను నోరు తెరిచాను.

"సరే అమ్మా. నా కప్పు మాత్రం నేనే సర్దుకుంటాను."

ఆ గొంతు మెత్తగా ఉంది. నేను అనలేదు, అది వచ్చేసింది. పదకొండుసార్లు అమ్మ ఒక్కతే ప్రాక్టీసు చేసిందనుకున్నాను. నేనూ చేశానని అప్పుడు తెలిసింది.

అమ్మ చేతిలో కప్పు ఆగిపోయింది. మొహంలో రంగు పోయింది, నిజంగానే బూడిదరంగుకు వచ్చింది.

"ఏమన్నావ్?"

నేను నా కప్పు దగ్గరికి లాక్కున్నాను.

"కప్పు సంగతి నేను రాయలేదే" అంది నెమ్మదిగా. "నీకు చెప్పనంది మేడమ్. ఇంకెవరినో కూర్చోబెడతానంది. అక్కడ కూర్చుంది... నువ్వా?"

క్లయింటు గుర్తుపట్టింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"ఎన్నిసార్లు?"

"పదకొండు."

"ఆ అరుపులు?"

"చీటీలో రాశావు కదమ్మా."

అమ్మ కప్పు బల్ల మీద పెట్టింది. టీ ఒలికింది, తుడవలేదు. అమ్మ ఒలికినదాన్ని తుడవకుండా వదిలెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. గోడ పట్టుకుని నడిచి స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. పంపు తిప్పిన చప్పుడు. కట్టేసిన చప్పుడు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు.

తలుపు దాకా వెళ్ళాను. తట్టాను. జవాబు లేదు. ఆగాను. మళ్ళీ తట్టాను. గడియారం చూసుకున్నాను, నిమిషమయింది. తలుపు కింద సందులోంచి చూస్తే నేల మీద వెలుగు ఉంది, నీడ కదలట్లేదు. నాకు నలభై నిమిషాల సంగతి తెలుసు. అవతల ఒక మనిషి పడి ఉండి, నేను తట్టడం వింటూ, లోపలికి వస్తానని ఎదురుచూడటం ఎలా ఉంటుందో నాకు తెలియదు. నాకు ఎవరూ దానికి టోపీ పెట్టలేదు. రెండు నిమిషాలు. సీలింగు మూల చూశాను. చుక్కా లేదు, ఏమీ లేదు, పాత సున్నం ఉంది. మూడు. నాలుగు.

తలుపు తోశాను.

అమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది, గోడవైపు తిరిగి, చప్పుడు బయటికి రాకుండా తువ్వాలు నోట్లో కుక్కుకుని. తల తిప్పి నన్ను చూసింది. నేనూ చూశాను. మూడు సెకన్లయ్యాయి. నాలుగు, అయిదు. ఆ తర్వాత లెక్క తప్పిపోయింది.

తువ్వాలు తీసింది. "నేను రమ్మనలేదే."

"అనలేదు."

"అయినా తీశావు."

"తీశాను."

అమ్మ చేత్తో కళ్ళు తుడుచుకుంది. చెయ్యి నావైపు వచ్చి, అలవాటు ప్రకారం మూరెడు దూరంలో ఆగింది. అక్కడే ఉంచి, గొంతు సవరించుకోకుండా, దేని మీదా గోటితో కొట్టకుండా అడిగింది.

"నీకు అక్కడికి వెళ్ళాలని ఉందా, అమ్మలూ?"

పదకొండుసార్లలో ఒక్కసారి కూడా అడగలేదు ఆ మాట. ఒక్క పిలుపుకే పలికాను.

"లేదు" అన్నాను. అరుపుల నుంచి ఇంకా మానని నా గొంతుతో, బొంగురుగా.